పక్క షాపు మీద ఆకాశరామన్న ఉత్తరం

పన్ను కట్టేవాడికి పన్ను కట్టనివాడిని చూస్తే ఒళ్లు మండుతుంది. ఇందులో న్యాయం, ధర్మం ఏమీ లేవు, ఉత్త కుళ్లు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను ఆ కుళ్లుతోనే షాపు తెరిచి, ఆ కుళ్లుతోనే మూసేదాన్ని.

యూనివర్సిటీ గేటు నుంచి తార్నాక చౌరస్తాకు వచ్చే దారిలో నాది జిరాక్స్, డీటీపీ షాపు. గోడకు గోడ ఆనుకుని ఒకామె స్టేషనరీ షాపు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి ముషీరాబాద్‌లో ఇద్దరు పిల్లలతో అద్దెకుండేది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. మా నాన్న గవర్నమెంటు ఉద్యోగం మీద కర్నూలు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టింది నల్లకుంటలో.

అమ్మకాలు ఒక పరిమితి దాటని చిన్న షాపులకు అప్పట్లో ప్రభుత్వం వ్యాట్ అనే అమ్మకం పన్ను నుంచి మినహాయింపు ఇచ్చేది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నెలనెలా రిటర్నులు అక్కర్లేదు. నిజానికి నేనూ ఆ లెక్కలోకే వచ్చేదాన్ని. కానీ పన్ను కట్టే షాపులకిచ్చే టిన్ నంబరున్న బిల్లు ఇస్తేనే ఆర్డర్లిస్తామని యూనివర్సిటీ డిపార్టుమెంట్ల వాళ్లన్నారు. గొప్పకు పోయి, ఎవరూ పిలవకుండానే వెళ్లి వ్యాట్‌లో చేరాను. బోర్డు మీద టిన్ నంబరు ఎర్ర రంగులో రాయించాను. నాన్న అది చూసి, ఏనుగును కొన్నావు సరే, మేపగలవా అన్నాడు.

ఉద్యమం ముదిరింది. క్లాసులు ఆగాయి, డిపార్టుమెంట్లకు తాళాలు పడ్డాయి, థీసిస్ బైండింగుకు వచ్చే నాథుడే లేడు. పని లేకపోయినా నెలనెలా రిటర్ను మాత్రం వేయాలి, మరిచిపోతే జరిమానా. పక్కన ఆమె షాపేమో కిటకిటలాడేది. ఊరేగింపులకు చార్టులు, స్కెచ్ పెన్నులు, జిగురు అన్నీ అక్కడే. స్టూడెంట్లు ఆమెను అక్కా అంటూ, ఆమె మెట్ల మీదే కూర్చుని నినాదాలు రాసేవారు. రేపు బంద్ అని వాళ్లు ఆమెకు చెబితే ఆమె నాకు చెప్పేది. పుట్టిన ఊళ్లో నాకు బంద్ కబురు కూడా ఈమె చెప్పాలా అని మండేది.

ఒక మధ్యాహ్నం ఖాళీ కుర్చీలో కూర్చుని ఆమె షాపు ముందు జనాన్ని చూస్తూ ఉంటే కడుపుమంట ఆగలేదు. షట్టరు సగం దించి పన్నుల ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం టైపు చేశాను. ఈమె అమ్మకాలు పరిమితి ఎప్పుడో దాటాయనీ, మినహాయింపు పేరుతో ప్రభుత్వాన్ని మోసం చేస్తోందనీ రాశాను. పెద్ద తెలివైనదాన్ననుకుని, నా ప్రింటరు ఆనవాలు దొరక్కుండా ప్రింటుకు జిరాక్స్ తీసి, ప్రింటు చించేసి, ఆ జిరాక్స్‌ను కవర్లో పెట్టాను. తార్నాక పోస్టు ముద్ర పడకూడదని నల్లకుంట దాకా వెళ్లి పోస్టు డబ్బాలో వేశాను. ఆ సాయంత్రం ఆమె తెప్పించిన టీ కూడా తాగాను.

నెల తిరక్కుండా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆమె సరుకు కొన్న చీటీలన్నీ బయటికి తీయించాడు. నేను గోడకు చెవి పెట్టి విన్నాను. కాసేపటికి ఆమె ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. ఫిర్యాదు కాపీ మీద ఆమె సంతకం కావాలట, పక్కనే జిరాక్స్ ఉంది కదా, తీయించుకు రమ్మన్నాడట. మన ఆఫీసుల పద్ధతే అంత, మన మీద ఫిర్యాదుకు కాపీ కూడా మనమే తెచ్చుకోవాలి.

"ట్యాక్స్ పడితే షాపు బంద్ చేసుడే అక్కా. లెక్కలు రాసేటోనికి ఇచ్చే తాకత్ నాకు లేదు," అంది. జాలి వేసింది. అబద్ధమెందుకు, జాలికంటే ముందు సంతోషమే వేసింది.

కాగితం అద్దం మీద పెట్టి బటన్ నొక్కాను. నా మెషిన్ డ్రమ్ము మీద గీత పడి, తీసిన ప్రతి కాపీకీ ఎడమ పక్కన సన్నటి నల్లగీత వచ్చేది. ఫిర్యాదు మీద ఆ గీత ముందే ఉంది. కాపీ బయటికొచ్చేసరికి పక్కపక్కన రెండు గీతలు. నాకంటే ముందు ఆమే చూసింది. రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ నా దగ్గరే కాపీ తీయించుకునేది. ఆ గీత ఆమెకు కొత్తేం కాదు.

ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"నాకెంత మిగుల్తదో ఒక్కమాట అడిగితె నేనే చెప్తుంటి గదక్కా," అంది.

ఇన్నేళ్లలో నా కాపీలకు ఆమె, ఆమె పెన్నులకు నేను పైసా ఇచ్చుకోలేదు. ఆ రోజు రూపాయి బిళ్ల బల్ల మీద పెట్టి వెళ్లింది. సిగ్గుతో చచ్చిపోయాను.

చీటీలన్నీ కూడితే ఆమె అమ్మకాలు పరిమితికి ఆమడదూరంలో ఉన్నాయట. ఊరేగింపుల చార్టులు సగం ఊరికే ఇచ్చేదట. ఇన్‌స్పెక్టరు వెళ్తూ వెళ్తూ ఈ మాట చెప్పి, నా బోర్డు మీది ఎర్ర నంబరు రాసుకుని, మీ పోయిన నెల రిటర్ను వేశారా అని అడిగాడు. వేయలేదు.

ఆమె మినహాయింపు ఆమెకు మిగిలింది. తర్వాత కూడా నన్ను అక్కా అనే పిలిచేది, బంద్ ఉంటే చెప్పేది. కాపీలకు మాత్రం విద్యానగర్ దాకా నడిచి వెళ్లేది. కాగితాలు చంకలో పెట్టుకుని నా షాపు ముందు నుంచే పోతుంటే, నేనెన్నడూ చూడని ఆ విద్యానగర్ జిరాక్స్ వాడి మీద నాకు కుళ్లు పుట్టేది.