ఎదురింటామెకు నేను రాసిచ్చిన యోగ్యతాపత్రం

మా ఎదురింటామె మరణవార్త నాకు నెల్లూరులో, కంటి ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఉండగా అందింది. పరీక్ష కోసం కళ్ళలో చుక్కల మందు వేసి అరగంట మూసుకొని ఉండమన్నారు. ఫోను మోగితే తడుముకుంటూ తీశాను. ఆమె మేనకోడలు. "మేడమ్, అత్త పోయింది. పొద్దున్నే. ఊపిరి ఆడలా," అని మాత్రం చెప్పగలిగింది. నా చెంపల మీది తడి చూసి పక్కనున్న నర్సు, "మందు కొంచెం మండుతుందమ్మా, ఓర్చుకోండి," అన్నది. నేను ఆమె మాటను సవరించలేదు. ఏడుస్తున్నానని పరాయి మనిషి ముందు ఒప్పుకోవడం నా జీవితంలో ఎన్నడూ లేదు. ఆ అలవాటు ఒక మనిషికి ఎంత చేటు చేసిందో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు రాయడానికి పూనుకున్నాను.

కాలేజీలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తరువాత సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ ఊరికి ఒంటరిగా వచ్చి స్థిరపడ్డాను. నా బజారు నేనే చేసుకుంటాను. బస్సులో ఎవరైనా లేచి సీటు ఇవ్వబోతే కూర్చోమంటాను. ఎదురింటామె నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. ఊరి బయట ఉన్న రొయ్యల షెడ్డులో ఇరవై ఏళ్ళకు పైగా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచింది. మొదటి రోజు నన్ను మేడమ్ అన్నది, రెండో రోజు అక్కా అన్నది. ఏదో ఒకటి తేల్చుకోమన్నాను. "రెండూ ఉంటే మీకేం బరువా?" అని నవ్వి, ఆనాటి నుండి మేడమక్కా అనే పిలిచింది. ఆ పిలుపు మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. ఇప్పుడు వీధిలో ఎవరూ అలా పిలవరు.

ఆమెకు వచ్చినది కీళ్ళవాతం. వయసుతో వచ్చే మోకాళ్ళ నొప్పి కాదు. శరీరం తన కీళ్ళనే పగవారనుకొని లోలోపల కొరుక్కుతినే వ్యాధి. అది ఒక్క తీరుగా ఉండదు. తెల్లవారేసరికి వేళ్ళు కొయ్యబారిపోతాయి. మధ్యాహ్నానికి కాస్త సడలుతాయి. ఒక వారం నడిపిస్తుంది, మరుసటి వారం మంచం దిగనివ్వదు. తలుపు గడియను మణికట్టుతో ఎత్తేది. బకెట్టును మోచేతి మడతలో తగిలించుకొనేది. టీ గ్లాసును రెండు అరచేతుల నడుమ, నమస్కారం పెడుతున్నట్లు పట్టుకొనేది. చేపలమ్మే ఆమెతో, "సంచి నువ్వే ముడెయ్యిమే, నా వేళ్ళు ఇయ్యాళ సెలవు పెట్టినాయి," అనేది. ఆ హాస్యానికి వీధి అంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. తన నొప్పిని గురించి ఒక్కసారి మాత్రం నాతో, "చుట్టమైతే ఎప్పుడు పోతావని అడగొచ్చు మేడమక్కా, దీన్ని అడిగేదానికి కూడా లేదు," అన్నది.

షెడ్డుకు పోవడం మానవలసి వచ్చిన ఏడాది ఆమె వికలాంగుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్నది. తన కోసం కాదు. తల్లిదండ్రులు లేని మేనకోడలిని చిన్ననాటి నుండి తానే పెంచింది. ఆ పిల్ల రోజూ బస్సులో గూడూరు వెళ్ళి నర్సింగు చదువుతున్నది. పింఛను రాకపోతే చదువు ఆపి షెడ్డులో చేరాలి. "ఆ పిల్ల చెయ్యి ఐసులో పడకూడదు. నాక్కావాల్సింది అంతే," అని దరఖాస్తు నా బల్ల మీద పెట్టింది. "మీరు పెద్ద చదువు చదివినోరు గదా, ఒక మంచిమాట రాసియ్యండి. మీ సంతకం ఉంటే ఆఫీసులో మర్యాద ఇస్తారు."

ఆ దరఖాస్తుకు నా మాట అవసరమే లేదు. అయినా రాశాను. ముప్పై ఏళ్ళుగా విద్యార్థినులకు యోగ్యతాపత్రాలు రాసిన చెయ్యి అది. ఎవరిని గురించి రాసినా అదే వరుసలో నడిచేది. ఈమె ఆత్మాభిమానం గల స్త్రీ అనీ, తన పనులన్నీ స్వయంగా చేసుకొంటుందనీ, ఎవరి మీదా ఆధారపడదనీ, కష్టానికి వెనుదీయదనీ రాశాను. చెయ్యి చాచని మనిషికే ప్రభుత్వం సాయం చేయాలని నా నమ్మకం. చదివి వినిపించాను. ఆమె తల ఒక పక్కకు వాల్చి విని, పకపకా నవ్వింది.

"ఇది నా గురించా మేడమక్కా? మీ గురించి మీరే రాసుకున్నట్టుండాదే!"

"వెకిలి మాటలు మాట్లాడవద్దు. ఆఫీసుకు పోయేటప్పుడు దీనంగా పోకూడదు. మనిషి నిటారుగా నిలబడితేనే విలువ," అన్నాను.

"జడ మా పిల్ల ఎయ్యకపోతే ఎయ్యను లేను, రవికె తొడుక్కోను లేను. స్వయంగా అంటే అడగరా?"

"అడిగితే చెప్పు. వాళ్ళు అడగకముందే ఏకరువు పెట్టనక్కరలేదు."

ఆమె ఆ పత్రాన్ని రెండు అరచేతుల నడుమ పట్టుకొని లేచింది. నా మాటకు ఎదురు చెప్పడం ఆమెకు తెలియక కాదు; నా సంతోషం చెడగొట్టడం ఇష్టం లేక. వైద్య పరీక్ష నాడు ఇస్త్రీ చీర నేనే ఎంచి ఇచ్చాను. తలలో పూలు పెట్టించాను. డాక్టర్ల బోర్డు ఆమెను పిలిచింది మధ్యాహ్నం పూట, వేళ్ళు కాస్త సడలిన వేళ. చేతులు చాపమన్నారు, చాపింది. నడవమన్నారు, నేను నేర్పినట్లు నిటారుగా నడిచింది. కొద్ది వారాలకు తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. "వైకల్యం శాతం చాల్లేదంట," అని ఒక్క ముక్క చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే మేనకోడలు కాలేజీ మానేసి షెడ్డుకు పోవడం మొదలుపెట్టింది. ప్రభుత్వ కార్యాలయాల నిర్దయ గురించి నేను ఆ రోజుల్లో ఎదురుపడినవారందరికీ ఉపన్యాసాలిచ్చాను.

హైకోర్టులో వకీలుగా ఉన్న నా పూర్వ విద్యార్థిని ఒకామె సొంత ఊరైన గూడూరు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆమె ఫీజు అడగకుండా, తిరస్కరణను సమీక్షించమని కోర్టులో పిటిషను వేసింది. కార్యాలయం నుండి కాగితాలన్నీ తెప్పించిన తరువాత ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, నా ముఖం చూడకుండా తిరస్కరణ ఉత్తర్వు నా చేతిలో పెట్టింది. శాతం మాటకు కింద మరొక వాక్యం ఉంది. దరఖాస్తుదారు తన పనులన్నీ స్వయంగా చేసుకొంటున్నట్లు, ఎవరి మీదా ఆధారపడనట్లు విశ్రాంత అధ్యాపకురాలు ఒకరు ధ్రువీకరించియున్నారు. మాటలు నావే. ఒక్క అక్షరం మారలేదు.

"ఆమెకు ఈ సంగతి తెలుసా?" అని అడిగాను.

"మొదటి రోజే తెలుసు మేడమ్. మేనకోడలు చదివి చెప్పిందట. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నదట."

అప్పటికి నెలలు గడిచాయి. ఆ నెలల్లో ప్రతి ఉదయమూ ఆమె గుమ్మంలో నుండి, "కాఫీ అయిందా మేడమక్కా?" అని పలకరిస్తూనే ఉన్నది.

నా విద్యార్థిని కోరినది చిన్న పని. నేను కళ్ళారా చూసినది వేరు, పత్రంలో రాసినది వేరు అని ఒక అఫిడవిట్టు, అంటే ప్రమాణపత్రం, ఇవ్వాలి. జడ వేసుకోలేకపోవడం, గడియ ఎత్తలేకపోవడం, మంచం పట్టిన వారాలు, అన్నీ అందులో ఉండాలి.

"నేను అబద్ధం రాశానని ప్రమాణం చేయమంటావా?"

"అబద్ధమని కాదు మేడమ్. చూసింది రాయలేదని."

"రెండింటికీ తేడా ఏమిటో నాకు నేర్పుతున్నావా?"

ఆ అమ్మాయి తాను రాసి తెచ్చిన ప్రమాణపత్రపు చిత్తుప్రతి తీసి బల్ల మీద పెట్టింది. ముసాయిదా ఉంచి వెళ్ళమన్నాను. పాఠకులకు నేను దాచకుండా చెప్పవలసినది ఇక్కడే ఉంది. ఆ ముసాయిదా నా బల్ల మీద ఒక వర్షాకాలమంతా ఉండిపోయింది. భాష బాగాలేదని ఒకసారి తిప్పి పంపాను. విరామ చిహ్నాలు దిద్ది మరొకసారి పంపాను. మూడోసారి ఫోను ఎత్తలేదు. వాయిదాలు పడ్డాయి. ఎదురింట్లో ఆ కాలంలో కీళ్ళవాతానికి గూడూరు నుండి తెచ్చుకోవలసిన ఇంజెక్షన్లు మానేశారని నాకు తెలుసు. నేను తెప్పించి ఇస్తానన్నాను. "వద్దు మేడమక్కా, మీ దగ్గర నేర్చుకున్నదే గదా, ఎవురి మీదా ఆధారపడగూడదని," అన్నది. అందులో ఎత్తిపొడుపు ఉన్నదో లేదో నేటికీ తేల్చుకోలేకపోయాను.

ఆమె ఒక్కసారైనా సంతకం మాట ఎత్తలేదు. ఒక సాయంత్రం మాత్రం గోడ పట్టుకొని వీధి దాటి వచ్చి, నా మెట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నది.

"వకీలమ్మ చెప్పింది. మీ పేరు కోర్టులో చదువుతారంట గదా. మీకు నామోషీ అయితే వద్దులే. ఇంకో దారి చూస్తారంట."

"ఇంకో దారి ఉందా?"

"లేదంట," అని నవ్వింది. "ఊరికే అన్నా. మిమ్మల్ని ఇరకాటంలో పెట్టినానని నాకు నిద్దర పడతల్లా."

ఇరకాటంలో పెట్టినది ఆమేనట. ఆ మాటకు కూడా నా చెయ్యి కదలలేదని రాయడానికి నేను సిగ్గుపడుతున్నాను. కదిలించినది మేనకోడలి చెయ్యి. మర్నాడు ఆ పిల్ల చేపల పులుసు గిన్నె తెచ్చి ఇచ్చింది. గిన్నె అందుకుంటూ చూశాను. వేళ్ళ చివరలు తెల్లగా నాని, ముడతలు పడి, గోళ్ళ పక్కన రొయ్య ముళ్ళు గుచ్చుకున్న గాయాలతో ఉన్నాయి. పందొమ్మిదేళ్ళ పిల్ల. రోగి నాడి పట్టుకోవడం నేర్చుకోవలసిన చెయ్యి అది. ఆ మధ్యాహ్నమే గూడూరు బస్సెక్కి, నోటరీ ముందు సంతకం చేశాను. భాష దిద్దలేదు.

విచారణ నాడు ఎదురింటామె, నేను గూడూరులో నా విద్యార్థిని ఆఫీసు గదిలో కంప్యూటరు తెర మీద కోర్టును చూస్తూ కూర్చున్నాము. న్యాయమూర్తి నా యోగ్యతాపత్రాన్నీ, తరువాతి ప్రమాణపత్రాన్నీ ఒకదాని తరువాత ఒకటి పైకి చదివారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికపడేదాన్ని. రోజుకొక తీరుగా ఉండే వ్యాధిని ఒక్క మధ్యాహ్నం చూసి ఎలా తేల్చారని ప్రభుత్వ న్యాయవాదిని అడిగారు. నొప్పిని దాచుకోవడం నొప్పి లేకపోవడం కాదని అన్నారు. తిరస్కరణను కొట్టివేసి, పాత చికిత్స కాగితాలన్నీ చూసి మళ్ళీ పరీక్షించమని ఆదేశించారు. తెర ఆరిపోయాక ఆమె కొంగు కింద నుండి చేతులు తీసి ఒడిలో పెట్టుకున్నది.

"నా వేళ్ళ గురించి అంత పెద్దాయన అంతసేపు మాట్లాడినాడు మేడమక్కా. నేనేమో ఇన్నాళ్ళూ సిగ్గుపడతా కొంగు కింద దాచిపెట్టినా."

పింఛను వచ్చింది. మేనకోడలు తిరిగి కాలేజీలో చేరింది, ఒక ఏడాది వెనుకబడి. ఎదురింటామె ఆ డబ్బు తీసుకొన్నది కొద్ది నెలలే. చలికాలంలో ఊపిరితిత్తులకు జబ్బు సోకి, ఆ బలహీన శరీరం తట్టుకోలేకపోయింది. ఇంజెక్షన్లు మానిన నెలల వల్లనేనా అని డాక్టరు గారిని అడిగాను. అలా చెప్పలేమన్నారు. అలా కాదని కూడా ఆయన చెప్పలేదు. ఆ నెలలు నావి. వాటిని ఎవరి మీదికీ నెట్టను.

ఆమెను సరుగుడు తోపు అవతల, చర్చి వారి ఇసుక నేలలో సమాధి చేశారు. షెడ్డు స్త్రీలు పని మధ్యలో, తలలకు పెట్టుకున్న తెల్ల టోపీలు కూడా తీయకుండా వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరే వంగి గుప్పెడు ఇసుక తీసుకున్నారు. వారిలో కొందరి పిడికిళ్ళు పూర్తిగా మూసుకోవు. నాలుగడుగులు వేసి గుంట అంచు చేరేలోగా ఇసుక వేళ్ళ సందుల్లో నుండి సన్నని ధారగా కారిపోయింది. వారు ఒట్టి చేతులనే గుంట మీద విదిలించి పక్కకు తప్పుకున్నారు. చివరికి నా వంతు వచ్చింది. నా పిడికిలి ఈ వయసులో కూడా గట్టిది. ఒక్క రేణువు జారలేదు. అంచున నిలబడి చెయ్యి చాచాను. వేళ్ళు విడివడలేదు. సముద్రపు గాలికి టోపీల అంచులు రెపరెపలాడుతుండగా వారందరూ నా కోసం ఎదురుచూశారు. పాస్టరు గారు, "వెయ్యండమ్మా," అని రెండుసార్లు అనవలసి వచ్చింది.