వంతెనకు ఇవతల

పోయినవి ముందు చెబుతాను. ఎడమచేతి గ్లవ్ ఒకటి. టైర్లకు గాలికొట్టే చిన్న పంపు. వదిన చలువ కళ్లద్దాలు. అన్నయ్య ఇచ్చిన వానకోటు, దాన్ని రైల్లో పైన పెట్టి మరిచిపోయి దిగాం. సీసాడు కందిపొడి, అది విమానంలోనే పగిలి, సంచి లోపలంతా కారంరంగు పూసి మరీ పోయింది. మొన్న శనివారం వదిన సైకిలును అన్నయ్య వ్యానులో వేసుకొచ్చి, ఆక్లండ్ శివారు టకానినిలో మా గరాజు గోడకు ఆనించి, "నీ దగ్గరే ఉండనిమ్మంది" అని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. సైకిలుకు తగిలించి ఉన్న సంచి అప్పట్లో మాతో ఫ్రాన్సు వచ్చిందే, తిరిగొచ్చాక ఇన్నేళ్లూ ఎవరూ దాన్ని విప్పినట్టు లేదు. విప్పి దులిపితే ఏవేవి తిరిగి రాలేదో తేలింది. అన్నీ కలిపినా ఒక పూటలో బజారుకెళ్లి కొనుక్కోగలిగినవే. అయినా గరాజు తలుపు దించి, పెయింటు డబ్బా మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

మా వదిన పక్కనే మనురేవాలో ఒక రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, నర్సు. యాభై దాటాక సైకిలు నేర్చుకుంది. అప్పట్లో మా ఇంటి వెనక కొత్త లేఅవుట్‌లో రోడ్లు పడ్డాయి, దీపస్తంభాలు లేచాయి, ఇళ్లు మాత్రం ఇంకా రాలేదు. ఆ ఖాళీ రోడ్ల మీద డ్యూటీ బట్టలతోనే, నేను వెనక సీటు పట్టుకుని పరిగెడుతుండగా నేర్చుకుంది. పడ్డప్పుడల్లా ముందు చుట్టూ చూసి, తర్వాత మోకాలు చూసుకునేది. ఈ పనికి ఆమె భర్త రావాలి కదా అంటారేమో. అన్నయ్యకు మనురేవాలోనే ఒక డైరీ ఉంది. ఇక్కడ డైరీ అంటే పాలూ బ్రెడ్డూ లాటరీ టికెట్లూ అమ్మే మూలకొట్టు. అది క్రిస్మస్ నాడు తప్ప మూతపడదు. పైగా ఆయనకు సైకిలంటే చిన్నచూపు. "చిన్నప్పుడు బండి లేక తొక్కాను. బండి ఉండి తొక్కడమెందుకు?" అనేవాడు. అలా వదిన వెనక పరిగెత్తే పని నాకు పడింది.

ఆమెకు ఆ పిచ్చి పట్టించింది ఒక తెర. రెస్ట్ హోమ్‌లో వ్యాయామం గదిలో ఒక పెడల్ యంత్రం ఉండేది. దాని ముందు తెర. పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుని తొక్కుతుంటే తెరమీద ఒక రోడ్డు ముందుకు కదులుతుంది. చాలా ఊళ్ల రోడ్లు అందులో ఉన్నాయి గానీ, తొంభై దాటిన ఒక కివీ ఆవిడ, అంటే ఈ దేశంలోనే పుట్టిపెరిగినావిడ, మాత్రం రోజూ ఒకటే అడిగేది. అది ఫ్రాన్సులో దొర్దోన్ నది పక్కన పల్లెల మీదుగా వెళ్లే రోడ్డు. వదిన ఆవిడ పక్కన కూర్చుని, కాళ్లు జారకుండా చూస్తూ, ఆ రోడ్డు ఎన్ని వందలసార్లు చూసిందో తెలియదు. వాల్‌నట్ తోటలు, నీలం తలుపున్న రాతి ఇల్లు, బాతులు రోడ్డు దాటే చోటు, చివరికి నది మీద ఒక రాతి వంతెన. వంతెన దగ్గర బొమ్మ ఆగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. ఆవిడ ప్రతిసారీ అడిగేదట, వంతెన దాటాక ఏముందమ్మాయ్ అని. వదిన మొదట్లో ఏదో ఒకటి చెప్పేది. తర్వాత ఒకరోజు, వెళ్లి చూసొచ్చి చెబుతానని మాటిచ్చేసింది. పెద్దవాళ్లకు మనం ఇచ్చే మాటలు సాధారణంగా అలాంటివే, వాళ్లు మరిచిపోతారన్న ధైర్యంతో ఇస్తాం. ఆవిడ మరిచిపోలేదు. వదిన కూడా మరిచిపోలేదు.

ప్రయాణం లెక్కలు నావి. నేను పెద్దగా చదువుకోలేదు. గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టే ఉద్యోగంలో చేరి, లెక్క తప్పితే ఉద్యోగం పోతుందన్న భయంతో నాకు నేనే నేర్చుకున్నాను. భయంతో నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. ప్రతిదానికీ కొంచెం ఎక్కువ వేసుకుంటాడు. వదిన వేగం కొలవడానికి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక క్లీవ్‌డన్ వైపు తొక్కేవాళ్లం. మెత్తటి పచ్చిక వాసన, పాలవ్యాన్లు, ఎప్పుడూ మొహానికి కొట్టే గాలి. ఆ వేగంతో వచ్చిన టైముకు ఎత్తు పల్లాలు, ఎదురుగాలి కలిపాను, పంక్చరుకు కొంత, అలసటకు కొంత, భోజనానికి కొంత కలిపి కాగితం మీద వేశాను. వదిన ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మరిదిగారూ, గాలి పీల్చుకోడానికి ఎన్ని నిమిషాలు రాశారు?" అంది. మా ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ రోడ్డుకే మొదటిరోజు వెళదామని వదిన అడిగితే, కాళ్లు అలవాటుపడాలని దాన్ని నాలుగోరోజుకు, అంటే చివరిరోజుకు వేసింది కూడా నేనే.

ముగ్గురం వెళ్లాం. మా ఆవిడ సైకిలెక్కనంది. ఆ నది లోయలో మేం బస చేసిన చిన్న ఊళ్లోనే సంతలు తిరుగుతూ ఉండిపోయింది. మేమిద్దరం పొద్దున్నే అద్దె సైకిళ్ల మీద బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లం. అక్కడ పొద్దున నది కనిపించదు, పొగమంచు మాత్రమే కనిపిస్తుంది. పది దాటాక మంచు లేచిపోయి కింద ఆకుపచ్చగా నీళ్లు బయటపడతాయి. ఇళ్ల రాయి తేనెరంగు. మధ్యాహ్నం బేకరీతో సహా ఊరు ఊరంతా తలుపులేసుకుంటుంది. మొదటిరోజు ఆ సంగతి తెలియక ఆకలితో తిరిగి, రెండోరోజు నుంచి పొద్దున్నే పొడుగాటి బ్రెడ్డు కొని సంచికి నిలువుగా గుచ్చుకునేవాళ్లం. వదిన దాన్ని విరిచి ఆవకాయ రాసుకుని గట్టు మీద కూర్చుని తినేది. ఎదురొచ్చిన ప్రతి మనిషికీ, రెండుసార్లు ఆవులకు కూడా, బోంజూర్ చెప్పింది. మూడు రోజులూ నా కాగితం కన్నా ముందే చేరాం. నాకది గర్వంగా ఉండేది. లెక్క ఎక్కడో ఎక్కువైందని అర్థం కావలసింది.

నాలుగోరోజు రైల్లో వేరే స్టేషనుకు వెళ్లి, పక్కనే ఉన్న దుకాణంలో సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. దుకాణం ఆరింటికి మూస్తారు, ఆరున్నరకు మా రైలు. మర్నాడు విమానం. వంతెన ముప్ఫై కిలోమీటర్ల దూరం. ఎక్కడున్నా సరే రెండింటికి వెనక్కి తిరగాలని నేను రాసుకున్నాను. ఆరోజు వదిన ఎక్కువసార్లు ఆగింది. ఆమెకు ఆ రోడ్డంతా కంఠతా వచ్చు. "ఈ గోడ అయ్యాక తోట వస్తుంది చూడు" అంటే తోట వచ్చేది. నీలం తలుపు దగ్గర దిగి, దాన్ని చేత్తో తాకి, రంగు తెరమీద కన్నా వెలిసిందని చెప్పింది. బాతులు మాత్రం లేవు. రెండింటికి మేం వంతెనకు ఆరు కిలోమీటర్ల ఇవతల ఉన్నాం. నేను సైకిలు ఆపాను.

"ఆరే కదా అబ్బాయ్. అరగంట" అంది వదిన.

రైలు తప్పితే విమానం తప్పుతుందని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది, రోడ్డు వైపు చూసింది. నలభైమంది పెద్దవాళ్లకు వేళ తప్పకుండా మందులిచ్చే మనిషి, టైము అన్నమాటకు ఎదురుచెప్పే అలవాటు లేదు. "నీ లెక్క నీకు తెలుసులే" అని సైకిలు తిప్పుకుంది.

తిరుగుదారి నది పారే వైపు, వెనకనుంచి గాలి. నాలుగు కొట్టేసరికి స్టేషను ముందున్నాం. సైకిళ్లు ఇచ్చేస్తే దుకాణం ఆయన గోడ గడియారం వైపు చూసి, ఇంత తొందరగానా అన్నట్టు కనుబొమలెత్తాడు. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని కాగితం తీశాను. తప్పు పెద్దదేమీ కాదు. క్లీవ్‌డన్ రోడ్డులో కొలిచిన వేగంలోనే ఎదురుగాలి ఉంది, అలసట ఉంది, మధ్యలో ఆగిన టైమూ ఉంది. వాటినే నేను మళ్లీ విడివిడిగా కలిపాను. మొత్తం మీద భయానికి ఇంకో పావువంతు వేశాను. వంతెనదాకా వెళ్లి, అవతలికి నడిచి, ఫొటో తీసుకుని వచ్చినా రైలుకు గంటపైన మిగిలేది. కాగితం మడిచి జేబులో పెట్టాను. వదిన మిగిలిన బ్రెడ్డు రెండు ముక్కలు చేసి ఒకటి నాకిచ్చింది. "తిను. ఇది నీ కాగితంలో లేదు" అంది. నవ్వుతూనే అంది. నేను తిన్నాను, చెప్పవలసింది చెప్పలేదు.

విమానంలో మాత్రం ఒక మాట అన్నాను. కంప్యూటర్లో ఆ రోడ్డు ఫొటోలు ఉంటాయి, వంతెన అవతల ఏముందో ఇంటికెళ్లాక చూపిస్తానని. "తెరమీద చూసింది చాలయ్యా" అంది వదిన. ఆ తర్వాత ఆక్లండ్ వచ్చేదాకా నిద్రపోయినట్టు కళ్లు మూసుకునే ఉంది.

వచ్చాక చర్చిలో, పుట్టినరోజు భోజనాల్లో అందరూ అడిగారు. మోకాలు మొండికేసిందని, వంతెన దాకా పోలేకపోయానని వదిన చెప్పింది. ఈ వయసులో ఆంటీకి సైకిలెందుకని పిల్లలు నవ్వారు. జాగ్రత్తగా వెనక్కి తీసుకొచ్చావని పెద్దవాళ్లు నన్ను మెచ్చుకున్నారు. నేను పళ్లెంలో బిర్యానీ కలుపుకుంటూ విన్నాను. ఒకరోజు వదిన కారు రిపేరుకిస్తే నేనే డ్యూటీకి దింపాను. ఫోను కారులో మరిచిపోతే ఇద్దామని లోపలికెళ్లాను. ఆ పెద్దావిడ యంత్రం మీద ఉంది. వంతెన దాటాక ఏముందని అడుగుతోంది. మోకాలు సహకరించలేదని, వెనక్కి వచ్చేశానని వదిన ఆవిడకు కూడా ఇంగ్లీషులో అదే చెప్పింది. ఆవిడ వదిన మోకాలి మీద చెయ్యివేసి, అయ్యో పాపం, ఈసారి వెళ్లినప్పుడు చూద్దువులే అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ఫోను బల్ల మీద పెట్టి వచ్చేశాను. వదిన నావైపు తిరగలేదు.

ఆ మోకాలు తర్వాత నిజంగానే చెడింది. ఈ ఏడాది ఆపరేషన్ చేశారు. దూరాలు తొక్కొద్దని డాక్టరు చెప్పాడట. పెద్దావిడ గదిలో ఇప్పుడు వేరే ఆయన ఉంటున్నాడు, ఆయనకు సముద్రం ఒడ్డు రోడ్డు ఇష్టం.

నిన్న ఆదివారం వదిన ఇంటికి వెళ్లాను. అన్నయ్య కొట్లో ఉన్నాడు. ఆమె కాలు స్టూలు మీద పెట్టుకుని చిక్కుళ్లు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని, వంతెన దాకా వెళ్లే టైము ఉందని, నేను ఒకే అదనాన్ని రెండుసార్లు వేశానని, స్టేషన్లోనే తెలిసిందని చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత ఆ వాక్యం చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

"నాకూ అక్కడే తెలిసింది. కాగితం చూస్తుంటే నీ మొహం చూశాగా" అంది.

"మరి మోకాలని ఎందుకు చెప్పారు?"

"మోకాల్ని ఎవరూ తిట్టరు అబ్బాయ్."

చిక్కుళ్ల గిన్నె నావైపు జరిపింది. ఇద్దరం ఒలిచాం. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఆ రోడ్డు మీద మేం వెనక్కి తిరిగాక ఎన్ని అరగంటలు గడిచాయో నేను లెక్కగట్టగలను, కానీ వాటిలో ఏ ఒక్కటీ ఆ అరగంటకు బదులు చెల్లదు. వదినకు నేను ఇవాళ్టికీ ఆరు కిలోమీటర్లు బాకీ.