వేపల వరుసలో మల్లయ్య

మా జగిత్యాలలో రోడ్డు నడుమ నాటిన మొక్కలకు పొద్దున్నే మున్సిపాలిటీ ట్యాంకర్ నీళ్ళు పోస్తుంది. డీజిల్ పొగలో కలిసిన తడిమట్టి వాసన ముక్కుకు తగిలితే చాలు, హవల్దార్ ఖాదర్ సాబ్ గుర్తొస్తారు. గల్ఫ్‌లో చమురు డబ్బు పొంగుతున్న రోజుల్లో దుఖాన్‌లోని మా పనివాళ్ళ క్యాంపుకు ఆయన ఇన్‌చార్జి, నేను నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్‌ని. ఆయనది బోధన్. సైన్యంలో పనిచేసి, యుద్ధం చూసి, రిటైరయ్యాక అక్కడికి వచ్చారు.

క్యాంపు గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా దారికి రెండు వైపులా ఆయన వేపచెట్లు పెంచారు. ఒక్కో చెట్టుకు యుద్ధంలో పోయిన తోటి సిపాయి పేరు. బోర్డులేమీ లేవు, పేర్లన్నీ ఆయన నోటనే. "రామస్వామికి ఇంకింత పొయ్యి. వాడు బార్డర్ల గూడ తన బాటిల్ ఖాళీ జేసి మా దిక్కు జూస్తుండె" అనేవారు నాతో. ఆ చెట్లకు ఎవడైనా లుంగీ ఆరేస్తే ఆ రోజు క్యాంపంతా తిట్లు తినాల్సిందే. ఈయనకు చెట్ల పిచ్చి అని వెనక నవ్వుకునేవాళ్ళం. ఎదుట నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

ఒక వేసవిలో పైపులైను గుంత కూలి మల్లయ్య పోయాడు. మా పక్క ఊరివాడు, క్యాంపులో నా పక్క మంచం అతనిది. ఆ వరుసలో మల్లయ్య పేరన కూడా ఒక మొక్క పెట్టమని అందరి తరఫునా నేనే అడిగాను.

"ఆ లైన్ ఫౌజోళ్ళది. దేశం కోసం పోయినోళ్ళది" అన్నారు హవల్దార్ సాబ్.

"మల్లన్న ఎవల కోసం పోయిండు సాబ్? సోకుకు పోయిండా?"

ఆయన చెట్ల వైపు తిరిగి పాదు సరిచేయసాగారు. నాకు ఒళ్ళు మండి వచ్చేశాను.

మూడో నాడు పిట్టకు పెట్టడం మా ఆచారం. పోయినవాడికి ఇష్టమైనవి వండి ఆరుబయట పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే అతనికి ఏదో కోరిక మిగిలినట్టే. కోడికూర, అన్నం పళ్ళెంలో పెట్టి క్యాంపు వెనక ఇసుకలో నిలబడ్డాం. ఆ చుట్టుపక్కల పిట్టలు వాలేది ఆ వేపల మీదే, అందరికీ తెలుసు. కానీ కాదన్న మనిషి చెట్ల కిందికి పోవడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. ఎండ ముదిరింది. అన్నం ఎండిపోతోంది, పిట్ట జాడ లేదు. "మల్లన్న అలిగిండురా" అంటూ ఒకడు ఏడుపందుకున్నాడు.

హవల్దార్ సాబ్ వచ్చి చూశారు. బోధన్ మనిషి, ఈ ఆచారం ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వంగి పళ్ళేన్ని తనే రెండు చేతులా ఎత్తుకుని వేపల వైపు నడిచారు. కింద పెట్టాక మేం దూరం జరిగామో లేదో పిచ్చుకలు దిగాయి. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన గడ్డపార తెప్పించారు. వరుస చివర తవ్వుతారనుకున్నాను. రామస్వామికీ పక్క చెట్టుకూ నడుమ తవ్వారు.

"మరీ దగ్గరైతది గద సాబ్" అన్నాను.

"ట్రెంచిల ఒకల మీద ఒకలం పండుకున్నోళ్ళం. వాళ్ళే జరుగుతరు."

తరవాతి సెలవులో మల్లయ్య ఇంటికి వెళ్ళి అతని భార్యకు ఈ సంగతంతా చెప్పాను. గల్ఫ్‌లో ఏ ఊరైనా మావాళ్ళకు దుబాయే. వదిన చివరిదాకా విని, "దుబాయిల ఎండలు బాగ గొడ్తయంటరు. ఆ చెట్టుకు నీడ వడ్తదా?" అంది. అప్పటికి ఆ మొక్క నా మోకాలంత. పడుతుందని చెప్పాను.

తిరిగి వెళ్ళాక హవల్దార్ సాబ్‌కు ఆ మాట చెప్పాను. "మాట ఇచ్చినవ్. ఇగ దాన్ని ఎండనియ్యకు" అన్నారు.

ఎండనివ్వలేదు. నేనున్నన్నాళ్ళూ ట్యాంకర్‌లోని తొలి నీళ్ళు మల్లయ్యకే. అక్కణ్ణుంచి వచ్చేసేనాటికి అది నా ఎత్తు దాటింది గానీ, మనిషి కూర్చునేంత నీడ ఇంకా రాలేదు. హవల్దార్ సాబ్ బోధన్‌లో కన్నుమూసి చాలా కాలమైంది. నా తరవాత ఆ చెట్టుకు ఎవరు నీళ్ళు పోశారో, అసలు పోశారో లేదో తెలియదు. ఆ బెంగ నన్ను వదల్లేదు.

వదిన ఇప్పటికీ ఎదురైనప్పుడల్లా చెట్టు ఎట్లున్నదని అడుగుతుంది. మంచిగున్నది వదినా, అంటాను.