ముందు చక్రాలకు కొత్త టైర్లు

మా పాత కారుకు స్పోర్ట్స్ టైర్లు వేయించాలన్న కోరిక నాకు బ్యాంకులో పుట్టింది. గన్‌ఫౌండ్రీలోని మా బ్రాంచి వెనక చిన్న పార్కింగు ఉంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడుక్కున్నాక అక్కడ నలుగురం నిలబడి కార్ల గురించి మాట్లాడుకునేవాళ్లం. పెద్ద కంపెనీల టైర్లు మాలాంటి వాళ్లకు అందేవి కావు. ఈమధ్య పేరు అంతగా తెలియని కంపెనీలవి వస్తున్నాయి. చూడటానికి అచ్చం వాటిలాగే వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో, బాణం ములుకుల్లాంటి గాడులతో ఉంటాయి, ధర మాత్రం మనకు అందుతుంది. క్యాష్ కౌంటరులో పనిచేసే మిత్రుడు అప్పటికే వేయించుకున్నాడు.

"మలుపుల బల్లి లెక్క అంటుకుంటది అన్నా. ఇడువదు," అన్నాడు.

"జల్ది అరుగుతయంట గదా?" అని అడిగాడు ఇంకొకాయన.

"అరుగుతయ్. నీ చెప్పులు అరుగుతలేవా?"

"పాతగైతే సప్పుడు జేస్తయంట. లోపల కూసుంటే ఇమానంల ఉన్నట్టుంటదంట."

"మంచిదే గదనే, టికెట్ లేకుంట ఇమానం!"

అందరం నవ్వాం. నేను నవ్వుతూనే ఆ టైర్ల గాడులను వేలితో తడిమి చూశాను. ఆ తర్వాత చాలా రోజులు ఫోనులో వాటి గురించి డ్రైవర్లు రాసిన అనుభవాలు చదివాను. ఒకడు బాగున్నాయన్నాడు, ఒకడు ఏడాది తిరక్కుండానే బోడి అయిపోయాయన్నాడు. బాగున్నాయన్న వాళ్ల మాటలే నేను నమ్మాను. నమ్మాలని ముందే అనుకున్నాను కాబట్టి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కారును ఎక్కువగా నడిపేది నేను కాదు, నా భార్య. మేము నాంపల్లి స్టేషను వెనక గల్లీలో కిరాయికి ఉంటాం. నాకు బ్యాంకు నడిచి వెళ్లేంత దూరం. ఆమె లక్డీకాపూల్ దగ్గర ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. డ్యూటీ వేళలు మారుతూ ఉంటాయి. నలభై దాటాక, ఎవరూ చెప్పకుండా, తానే డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకుంది. మెదక్ దగ్గరి క్రైస్తవ మిషను ఊళ్లో సైకిలు కూడా తొక్కనివ్వని ఇంట్లో పెరిగిన మనిషి. సిగ్నలు దగ్గర కారు ఆగితే స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ కీర్తనలు పాడుకునేది. పచ్చ లైటు పడినా ఆ చరణం అయిపోయాకే కదిలేది. వెనక వాళ్లు హారన్లు కొట్టేవాళ్లు. అంత ధీమాగా ఆమెను నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ కారుకు ఏ టైర్లు వేయించాలో ఆమెను అడగాలని మాత్రం నాకు తోచలేదు.

అప్పుడు నాలుగూ మార్చే స్తోమత లేదు. ప్రస్తుతానికి రెండు, తర్వాత రెండు అనుకున్నాను. ఆబిడ్స్‌లో లోపలి గల్లీలో ఉన్న టైర్ల దుకాణానికి కారును తీసుకెళ్లాను. దుకాణాయన జాకీ పెట్టించే ముందు ఒక్కటే అడిగాడు.

"ముందటికా సార్, ఎన్కకా?"

"ముందటికే. ఇంజను ముందట, స్టీరింగు ముందట. బండిని గుంజేది అవే గదా."

"ఔ, అందరు గట్లనే ఏపిస్తరు," అన్నాడు ఆయన.

అందరూ అలాగే వేయిస్తారన్న మాట నాకు బాగా నచ్చింది. ఇంటికి వచ్చాక భార్యను కిందికి పిలిచి చూపించాను. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బండి చుట్టూ తిరిగింది.

"మరి ఎన్కటియి?"

"అవి ఇంకా నడుస్తయ్. వాటికేం పని ఉండదు, ముందటి వాటి ఎంబడి దొర్లుడే."

"నాకేం ఎర్క? నువ్వన్నవంటే సరే," అంది.

మరునాడు నేను కూడా ఫోనులో నా అనుభవం రాశాను. "తక్కువ ధరలో గొప్ప టైర్లు. వానలోనూ అద్భుతమైన పట్టు" అన్నాను. అప్పటికి ఆ ఏడు ఒక్క చినుకు పడలేదు.

తొలి వాన పడిన సాయంత్రం ఆమె డ్యూటీ ముగిసేసరికి నేను దవాఖాన దగ్గరికి వెళ్లాను. ఇద్దరం కలిసి కూరగాయలు కొనుక్కుని వెళ్దామని. కొనుక్కుని తిరిగి వస్తున్నాం, ఆమే నడుపుతోంది. దుమ్మూ ఆయిలూ కలిసి రోడ్డు నల్లగా మెరుస్తోంది. స్టేషను వైపు మలుపు తిరుగుతుండగా, ముందు భాగం చక్కగా తిరిగింది. వెనక భాగం తిరగలేదు. ఎవరో తోకపట్టి లాగినట్టు పక్కకు కొట్టుకుపోయింది. కారు బొంగరంలా తిరిగి డివైడరుకు గుద్దుకుని, మేము వచ్చిన దిక్కుకే మొహం పెట్టి ఆగింది. సంచిలోని టమాటాలన్నీ కాళ్ల కిందికి దొర్లాయి. ఇద్దరికీ ఏమీ కాలేదు. వెనక బంపరు ఊడి వేలాడింది.

నేను మొదట చేసిన పని ఆమెకు దెబ్బ తగిలిందేమో చూడటం కాదు. "బ్రేకెందుకు తొక్కినవ్?" అని అరవటం.

"తొక్కలే," అంది. మొహం తెల్లబోయి ఉంది.

"తొక్కకుంటె గిట్లెందుకు తిరుగుతది?"

"నేను తొక్కలేనయ్యా. దేవుని తోడు."

జనం పోగయ్యారు. ఒక ఆటో అతను అద్దంలోంచి తొంగి చూసి, "ఏంది సార్, లేడీస్ చేతుల బండి వెట్టి నువ్వు నిద్రవోయినవా?" అన్నాడు. నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. అదే నన్ను ఎక్కువగా బాధించేది. ఆ అరుపు భయంలో వచ్చిందని చెప్పుకోవచ్చు. ఆ నవ్వు మాత్రం నేను ఎరిగి నవ్వింది. ఆమె నన్ను చూసి, తలుపు తీసుకుని దిగి, నా వైపు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. నేను స్టీరింగు దగ్గరికి మారాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా వాళ్లు చర్చిని గుడి అనే అంటారు. మా గుడిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు సమయం ఉంటుంది. ఆ వారంలో దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి సాక్ష్యం ఎలా చెప్పాలో నాకు తెలుసు. ఆపద పెద్దదిగా ఉండాలి, మనిషి బలహీనంగా ఉండాలి, అప్పుడే విడుదల గొప్పగా వినిపిస్తుంది. మైకు పట్టుకుని, నా భార్యకు డ్రైవింగు కొత్త అని, వానలో భయపడి గట్టిగా బ్రేకు తొక్కేసిందని, కారు గిర్రున తిరిగిందని, అయినా ప్రభువు తన దూతలను పంపి మా ప్రాణాలు కాపాడాడని చెప్పాను. ప్రతి మాటకూ "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఆమె ఆడవాళ్ల వైపు కూర్చుని పాటల పుస్తకం తెరిచి పెట్టుకుని తల వంచుకుని ఉంది. బయటికి వచ్చాక పాస్టరు గారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే పెద్దావిడ, నా భార్య తల నిమిరింది.

"ఇంగ బండి జోలికి వోకు బిడ్డా. దేవుడు ఒక్కసారి కాపాడిండు. మళ్ళ మళ్ళ ఆయనను శోధించొద్దు."

"ఔ అమ్మగారు," అంది నా భార్య.

ఆ రోజు నుంచి ఆమె తాళంచెవి ముట్టుకోలేదు. ఆటోల్లో వెళ్లింది, దొరకనప్పుడు నడిచింది. సరే, భయం వేసింది కదా అనుకున్నాను. లోపల ఎక్కడో, నా టైర్లకు ఏ మాటా రానందుకు ఊరటగా కూడా ఉందేమో.

ఆ వానాకాలంలోనే ఒక పొద్దున నేను ఒక్కడినే కారు తీసుకుని హిమాయత్‌నగర్ వెళ్లి వస్తున్నాను. ముసురు పడుతోంది. బ్యాంకు వైపు మలుపు తిరిగాను, వేగం కూడా లేదు. అదే జరిగింది. ముందు చక్రాలు నేను చెప్పిన చోటికి వెళ్లాయి, వెనక చక్రాలు నీటి మీద తేలినట్టు పక్కకు పోయాయి. నా కాలు బ్రేకు మీద లేదు. అది నాకు కచ్చితంగా తెలుసు. రోడ్డు ఖాళీగా ఉండటం వల్ల కారు అడ్డంగా జారి, తనంతట తానే నిలబడింది. ఎవరూ చూడలేదు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

దిగి వెనక టైర్లు చూశాను. నున్నగా అయిపోయిన వాటి గాడుల్లో నా గోరు కూడా దిగలేదు. ముందు పట్టు గట్టిగా, వెనక వదులుగా ఉంటే తడి రోడ్డు మీద వెనక భాగం జారిపోతుందని, రెండే కొంటే కొత్తవి వెనకే ఉండాలని ఆ రోజు ఫోనులో చదివాను. నేను నమ్మిన వాళ్లు రాసిన చోటే, కొంచెం కింద, ఒకాయన ఇదంతా రాసి ఉంచాడు. నేను అంత కిందిదాకా చదవలేదు.

ఆ వారమే వెనక టైర్లు కూడా మార్పించాను. ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. గుడిలో చెప్పిన సాక్ష్యం అడ్డం వచ్చిందని ఒకసారి, ఆమె మరిచిపోయి ఉంటుందని ఒకసారి జవాబు చెప్పుకున్నాను. రెండూ నిజం కావు. ఇంట్లో తప్పు చేసినది ఆమె, క్షమించినది నేను అన్న ఏర్పాటు నాకు హాయిగా ఉంది. వానలు పోయాయి. క్రిస్మస్ వచ్చి వెళ్లింది.

ఎండలు ముదురుతున్న ఒక సాయంత్రం ఆమె ఫోనులో తన పై అధికారితో మాట్లాడుతోంది. ఒక వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టరుగా ఉండమని అడుగుతున్నారు. చాలా ఏళ్లుగా ఆమె ఎదురుచూసిన పని. అయితే ఇన్‌ఛార్జి తెల్లవారేసరికే వార్డులో ఉండాలి, ఆ వేళకు మా గల్లీలోకి ఆటోలు రావు.

"లేదు మేడమ్, నాకు కుదరది," అంటోంది. "బండి ఉన్నది గని, నాకు డ్రైవింగ్ రాదు మేడమ్."

రాదు అంది. భయం అనలేదు, మానేశాను అనలేదు. సిగ్నలు దగ్గర చరణం పూర్తయితే గాని కదలని మనిషి.

ఆమె ఫోను పెట్టేసి వంటింట్లో చుక్కకూర తుంచుతూ కూర్చుంది. నేను ఎదురుగా కింద కూర్చుని చెప్పాను. టైర్లు, దుకాణం, హిమాయత్‌నగర్ నుంచి వస్తూ జారటం, అన్నీ. ఆమె కూర తుంచటం ఆపలేదు.

"గది నీకెప్పుడు ఎర్కైంది?"

"వానల్ల."

"ఇప్పుడేం కాలం?"

నేను ఒక కాడ తీసుకుని తుంచబోయాను.

"నిన్నే అడుగుతున్న. ఇప్పుడేం కాలం?"

"ఎండకాలం."

"మేడమ్‌కు మళ్ళ ఫోన్ చెయ్యి, కారు తోల్కుంట ఒస్తనని చెప్పు," అన్నాను మళ్లీ నేనే.

"చేసి ఏమనాలె? డ్రైవింగ్ ఒచ్చింది మేడమ్, మా ఆయన ఇప్పుడే చెప్పిండు అనాల్నా?" కాడలు ఒక పక్కకు తోసింది. "గుడిల నిలవడి చెప్పినవ్ గదా. గాడనే చెప్పు వో. నాకెందుకు చెప్తున్నవ్? నేను బ్రేకు తొక్కలేదని నాకు అప్పుడే ఎర్క."

ఆదివారం లేచి నిలబడ్డాను. మైకు అందుకున్నాను. పోయిన వానాకాలం నేను అబద్ధపు సాక్ష్యం చెప్పాను అన్నాను. "స్తోత్రం!" అన్నాడు వెనక బెంచీలోంచి వినికిడి తగ్గిన ఒక పెద్దాయన, అలవాటు కొద్దీ. గుడి అంతా గొల్లుమంది. నా భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మిగిలింది ఎలాగో చెప్పాను. ఆమె తప్పు లేదని, నా టైర్ల తప్పని, నేను తెలిసీ దాచానని. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. ఇలాంటి సాక్ష్యానికి ఏమనాలో వాళ్లకు తెలియలేదు. పాస్టరు గారు దగ్గి, పాట నంబరు చెప్పారు.

దానితో అన్నీ సర్దుకుంటాయని నేను అనుకున్న మాట నిజం. ఇన్‌ఛార్జి పని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. స్టార్టు చేసింది, గల్లీ చివరిదాకా పోనిచ్చింది, ఆపేసింది.

"నువ్వు చెప్పింది నమ్మిన. మనసుల ఏం లేదు," అంది. "గని నువ్వు పక్కకుంటే, మలుపు రాంగనే నీ అరుపే ఇనవడ్తది. నేనేం చెయ్యాలె?"

దిగి తాళంచెవి నాకు ఇచ్చింది.

తర్వాత దవాఖానలో పనిచేసే స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఎప్పుడు మొదలుపెట్టిందో నాకు చెప్పలేదు. కారు నిలిపిన తీరు చూసి నేనే గ్రహించాను. ఇప్పుడు డ్యూటీకి తానే వెళ్తోంది. ఇద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే మాత్రం నేనే నడుపుతాను. ఆమె వెనక సీట్లో కూర్చుంటుంది, బయటికి చూస్తూ. ఆ సిగ్నళ్ల దగ్గర ఆమె ఇప్పుడు పాడుతుందో లేదో నాకు తెలియదు.

ఈ వానాకాలంలో ఒక ఆదివారం ఆరాధన అయ్యేసరికి జోరుగా వాన. అమ్మగారు చీర చెంగు తల మీద కప్పుకుని వరండాలో నిలబడి ఉంది. నా భార్య తాళంచెవి నా జేబులోంచి తీసుకుని, "రాండ్రి అమ్మగారు, ఇంటికాడ దించుత," అంది. అమ్మగారు ముందు సీట్లో, ఇంకో ఇద్దరు అక్కలు వెనక సీట్లో కూర్చున్నారు. వెనక నాకూ చోటుంది. తలుపు మీద చెయ్యి వేశాను.

"నువ్వు ఆటోల రా," అంది ఆమె.

"అగో, జాగున్నది గదనే పిల్లా!" అంది అమ్మగారు.

"ఈయన ఉంటే నాకు బండి రాదు అమ్మగారు."

లోపల ముగ్గురూ గొల్లుమన్నారు. నేనూ నవ్వుతూ తలుపు మూశాను. ఆమె నవ్వలేదు. అద్దం సరిచేసుకుని, వైపర్లు వేసి, గేటు దాటింది. నీళ్లు నిండిన మలుపులో కారు మెల్లగా కుడివైపు తిరిగింది. వెనక చక్రాలు ముందు వాటి జాడలోనే వెళ్లాయి. అది కనిపించకుండా పోయేదాకా చూసి, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాను.