వదిన కొత్త పళ్ళు, ఓవెన్‌లో చాప్స్

ఆస్పత్రి క్యాంటీన్‌లో వంటచేసే ఆమెను అందరూ ‘ఆగండమ్మ’ అనేవారు. పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డ ప్రతివాడికీ ‘ఆగండి’ అని చెప్పీ చెప్పీ ఆ పేరు పడింది. అక్కడ పంది చాప్స్‌ను, అంటే ఎముకతో కోసిన మాంసపు ముక్కల్ని, పొద్దున్నే పెద్దమంట మీద హడావిడిగా వండి మధ్యాహ్నం దాకా వేడి ట్రేల మీద ఉంచాల్సిందే. తినేవేళకు వాటికీ చెప్పు అట్టకూ తేడా ఉండదు. ఏ దేశపు వంటింట్లో తొంగిచూసినా ఇదే గోల. నెపం మంట మీదికి పోతుంది గాని, పాపం తొందరది.

ఇంట్లో జరిగిన అవమానంలో మాత్రం ఆ తొందర ఆగండమ్మదే. కిందటిసారి డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు పీకుతుంటే, మంట పెంచి చాప్స్‌ను ఓవెన్‌లో కుక్కింది. మొగుడి అక్క, దర్జీపని చేసే వదిన, ఒక ముక్క కొరికేసరికి కొత్తగా పెట్టించుకున్న కట్టుడు పళ్ళు ముక్కతోపాటే ఊడివచ్చాయి. ముక్కే నిన్ను కొరికిందక్కా అని తమ్ముడు పగలబడి నవ్వాడు. అతన్ని తల్లిలా పెంచిన మనిషి! పళ్ళు రుమాల్లో చుట్టుకుని వెళ్ళినావిడ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఎప్పుడు పిలిచినా కుట్టుపని ఉందనేది. బతిమాలగా బతిమాలగా ఈ ఆదివారం వస్తానంది. ఈసారీ ముక్క మొరాయిస్తే ఇక రాదు.

అందుకని, ఒళ్ళు హూనమై ఉన్నా, పొద్దున్నే ఎముకతో ఉన్న మందపాటి ముక్కలు ఏరి తెచ్చి ఉప్పునీళ్ళలో నానేసింది. సాయంత్రం తడి ఒత్తి, పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చి, ఉల్లిపాయల మీద పరిచి, మూతపెట్టి సన్నని సెగన ఓవెన్‌లోకి తోసింది. వదిన వచ్చి, చేతిసంచీ ఒళ్ళోనే పెట్టుకుని, ఏ క్షణాన్నయినా లేచిపోయేదానిలా కూర్చుంది. మొగుడు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఓవెన్ తలుపు తీయబోతే ఆగండమ్మ చేతి మీద ఒకటి వేసింది. బయటికి తీశాక కూడా మూత ముట్టనివ్వలేదు.

“ఉడికిందిగా, ఇంకా ఆగడమెందుకే?”

“రసం ముక్కలో నిలవాలి. కాసేపు దాన్ని వదిలెయ్యండి.”

ఆ కాసేపూ తనూ నడుం వాల్చుదామని కుర్చీలో ఒరిగింది. అంతే, నిద్ర ముంచేసింది.

మెలకువ వచ్చేసరికి మొగుడు సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాడు. అక్క చేత ఏం చివాట్లు తిన్నాడో మరి. వదిన సంచీ నేల మీదికి దిగింది. ఆవిడ పళ్ళెంలో ఎముక కడిగినట్టు తెల్లగా ఉంది.

“కొరికారా వదినా?”

“కొరికాను. వాడు తిండి మానేసి నా నోరే చూస్తూ కూర్చున్నాడు.”

వదిన ఇంకో పళ్ళెం ముందుకు జరిపింది. అందులో చాప్ చిన్న చిన్న ముక్కలుగా కోసి ఉంది.

“నీ పళ్ళు గట్టివేలే. నమిలే ఓపిక ఉండాలిగా. తిను.”