పసుపు కొమ్మా, జోషాందానా?

మూడు రోజులుగా నాకు ఒకటే జలుబు. మా అత్తమ్మ పూటపూటకూ పసుపు కొమ్మును దీపం మంటలో కాల్చి, పొగ పీల్చమని ముక్కు కింద పెట్టింది. పక్కింటి షాహీన్ అక్క కొత్తకోట బజారు నుంచి జోషాందా మూలికలు తెచ్చి కషాయం కాచి ఇచ్చింది. అత్తమ్మ చిన్నబుచ్చుకుంటుందని, దాన్ని రెండిళ్ల మధ్య గోడ దగ్గరే దొంగతనంగా తాగేదాన్ని.

ఈ రోజు పొద్దున ముక్కు తెరుచుకుంది. "మీ పసుపే అత్తమ్మా" అని ఇంట్లో, "నీ కషాయమే అక్కా" అని గోడ అవతల చెప్పాను. ఇద్దరూ మురిసిపోయారు.

సాయంత్రం అత్తమ్మ తుమ్ముకుంటూ వంటింట్లోకి వచ్చింది. కొమ్ము కాల్చడానికి లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"అది వద్దు గని, షాహీన్‌ను గా కషాయం జర అడుగు."

"మీకని చెప్పాలా?"

"నా పేరెత్తకు. నీకే ఇంక తగ్గలేదని చెప్పు."

రెండూ వాడిన నాకే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్క చుక్క తాగని అత్తమ్మకు ఎలా తెలిసింది? ఖాళీ గ్లాసు పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఫోన్‌లో ఇది రాస్తున్నాను. పొద్దున తగ్గిందని చెప్పిన నోటితో ఇప్పుడు ఏమని అడగాలి? మీరే చెప్పండి, లోపల తుమ్ములు ఎక్కువవుతున్నాయి.