చెక్కిన రాయి, పగిలిన రాయి

“గా రాళ్ళేం పెట్టినయమ్మా నీకు? దిబ్బ తీసేస్తె ఇంకింత పత్తి ఏసుకోవచ్చు” అన్నాడు నా కొడుకు నరసింహులు.

“చెల్కంత నీదే, ఏలుకో. గా దిబ్బ ఒక్కటి ఇడిసిపెట్టమంటున్న.”

“ఎవలకోసం? ఎప్పుడో పోయిన సారు కోసమా?”

“నాకోసం. నేను సదువుకున్నది ఆడనే.”

“మేకలు గాసినవ్. సదివినవా?”

నా పిడికిట్లో ఉన్న రాతిముక్క అంచు బొటనవేలిని కోస్తోంది. ఆ పదును తగిలినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆయనే.

ధరూరు దగ్గర మా ఊరి బడిలో సారు ఆయన. నేను మూడో తరగతిలో ఉండగా మా నాయన నన్ను బడి మాన్పించి మేకల వెంట తోలాడు. అవి మేసేది మా చెల్కలోని ఈ దిబ్బ మీదనే. ఒక ఆదివారం సారు గొడుగు పట్టుకుని దిబ్బెక్కి, వాన కడిగిన రాళ్ళలో వంగి వంగి వెతకసాగాడు. నేనొక చెకుముకి రాయి తెచ్చి చూపిస్తే విసిరేశాడు. “మేక కాలు కింద పగిలిందే పిల్లా, మనిషి చేసింది గాదు.” జేబులోంచి గోరంత రాయి తీసి నా అరచేతిలో పెట్టాడు. “ఒకదిక్కు పదును. ఇగ ఎనక అంచు తడిమి చూడు. సన్నగ చెక్కి చెక్కి కావాలనే మొద్దు చేసిండ్రు, బాణం కట్టెకు బంకతోని అతికేటందుకు. ఇనుము తెల్వని కాలపోళ్ళు. ఉత్తగ పగిలిన రాయికి గిట్ల వరస చెక్కులుండవు.”

కొన్నాళ్ళకు ఆయనకంటే ముందు నేనే గుర్తుపట్టసాగాను. వారమంతా మేకల వెంట ఏరి, ఆదివారాల్లో ఒడి నిండా ఇస్తే, “నీ కండ్లే కండ్లు” అని బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. అంతకే మురిసిపోయేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. “సార్, నన్ను బడికి తోలమని మా నాయనకు చెప్పున్రి. మీరు చెప్తె ఇంటడు.”

“చెప్త, చెప్త. ఈ వానలు పోనీ” అన్నాడు, రాళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

వానలు పోయాయి, మళ్ళీ వచ్చాయి. సారు మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగేవాడు, నాయనతో పంటల సంగతి మాట్లాడేవాడు, లేచి పోయేవాడు. నా బడి మాట ఎత్తలేదు. నేను బడికి పోతే దిబ్బ మీద ఆయనకు ఏరిపెట్టేదెవరు? ఈ సంగతి నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక గాని తట్టలేదు. అప్పటికి ఆయన బదిలీ అయి, పోయిన ఊళ్ళోనే చనిపోయాడు. అడగడానికి మనిషి లేడు. నేను క్షమించనూ లేదు. తర్వాత నా పిల్లల పుస్తకాల్లో అక్షరాలు కూడబలుక్కున్నాను. రాయిని చూడడం మాత్రం ఆయన నేర్పిందే. ఎవరో ఒకరు నన్ను కూర్చోబెట్టి నేర్పిన విద్య అదొక్కటే.

మరునాడు పొద్దున్నే డోజర్ వచ్చింది. నాయన నాకిచ్చిన చెల్క ఇప్పుడు కొడుకు పేరు మీద ఉంది, నేను అడ్డం పోలేదు. దాని వెనకే నడిచి, తిరగబడ్డ మట్టిలో రాళ్ళు ఏరాను. చాలావాటిని డోజర్ అప్పుడే విరిచింది, విరిగిన చోట తళతళ మెరుస్తున్నాయి. వరస చెక్కులున్నవి మాత్రం ఒడిలో వేసుకున్నాను. అన్నం వేళకు దిబ్బ చెల్కతో సమమయింది. నరసింహులు పత్తి విత్తనాలకు గద్వాల పోయాడు.